ఎందుకు చచ్చామో తెలియాలి

(అమలాపురంలో గేమ్ డిజైన్ మీద ఆసక్తి ఉన్న ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా రాతలో పెట్టాం. చివర్లో ప్రశ్నలు కొన్ని.)

నమస్కారమండీ. వెనక బెంచీల వరకూ వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు బాగా ఉంది, వినపడకపోతే మొహమాటపడకుండా చెయ్యెత్తండి.

నాది రాజోలు దగ్గర. హైదరాబాద్‌లో గేములు చేసే ఒక చిన్న ఆఫీసులో కొట్లాటల పని చూస్తాను. శత్రువు ఎప్పుడు కొట్టాలి, కొట్టే ముందు ఎంతసేపు ఆగాలి, ప్లేయర్‌కి తప్పుకోడానికి ఎంత టైమ్ ఇవ్వాలి, ఇదీ నా పని. ఇది ఉద్యోగమంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

యాక్షన్ ఆర్‌పీజీలు, అంటే ఒక పాత్ర బలం పెంచుకుంటూ కొట్లాడే గేములు, ఆడేవాళ్ళు చేతులెత్తండి. సగం మంది పైనే ఉన్నారు. ఇందులో ఎల్డెన్ రింగ్ సొంతంగా పీసీలోనో కన్సోల్‌లోనో ఆడినవాళ్ళు? అయిదారుగురు. మిగతావాళ్ళు ఫోన్లో గెన్‌షిన్ ఇంపాక్ట్ లాంటివి ఆడి ఉంటారు, లేదా ఎవరో ఆడుతుంటే యూట్యూబ్‌లో చూసి ఉంటారు. పర్లేదు, ఈ చేతుల లెక్క కాసేపయ్యాక పనికొస్తుంది.

బాస్, అంటే దారికి అడ్డంగా నిలబడే పెద్ద శత్రువు, కష్టంగా ఉండాలంటే ఏం చెయ్యాలి అని అడిగితే, మా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలు కూడా ముందు హెల్త్ బార్ మీద చెయ్యి వేస్తారు. హెల్త్ రెట్టింపు చేద్దాం, డ్యామేజ్ రెట్టింపు చేద్దాం అంటారు. సరే, చేశామనుకోండి. హెల్త్ రెట్టింపైతే మూడు నిమిషాల ఫైట్ ఆరు నిమిషాలవుతుంది, ప్లేయర్ కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు, అప్పటిదాకా సరిగ్గా చేసిన పనినే ఇంకో మూడు నిమిషాలు తప్పు పోకుండా చెయ్యాలి. డ్యామేజ్ రెట్టింపైతే నష్టం ఇంకోలా ఉంటుంది. నాలుగు దెబ్బలు ఓర్చుకునేవాడు రెండు దెబ్బలకే పోతాడు, అంటే బాస్ దగ్గరున్న ఎత్తుల్లో సగం కూడా చూడకుండా పోతాడు, చూడనిదాన్ని ఏం నేర్చుకుంటాడు చెప్పండి?

అందుకే బాస్ బాగుందా లేదా అని చూడ్డానికి నేను వాడే పరీక్ష ఒక్కటే. చచ్చిన ప్లేయర్ని అప్పుడే పట్టుకుని, ఎందుకు చచ్చావు అని అడగాలి. "తొందరపడి ముందే రోల్ చేశాను", అంటే దొర్లి తప్పుకోబోయాను, "ఆశపడి ఇంకో దెబ్బ వెయ్యబోయాను" అన్నాడనుకోండి, ఆ బాస్ ఎంత కఠినమైనా నాకు పేచీ లేదు. "ఏమో, ఏదో తగిలింది" అన్నాడా, ఆ బాస్ ఎంత సులువైనా దాంట్లో తప్పుంది.

దీనికి నాకు తెలిసి అన్నిటికన్నా మంచి ఉదాహరణ 2011లో ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళు చేసిన డార్క్ సోల్స్ మొదటి బాస్. అసైలమ్ డీమన్. మీ చేతిలో విరిగిన కత్తి పిడి ఉంటుంది. పెద్ద హాల్లోకి అడుగుపెడతారు, పైనుంచి ఏనుగంత దెయ్యం దబ్బున దూకుతుంది. ఆ పిడితో పొడిస్తే హెల్త్ బార్‌లో గీత కదిలినట్టు కూడా అనిపించదు. కొత్తవాడు అక్కడే పోరాడి పోరాడి చస్తాడు, చచ్చాక ఎడమ పక్కన తెరిచి ఉన్న ద్వారం కనిపిస్తుంది. అంటే ఆ గేమ్ చెప్పే మొదటి పాఠం ఎలా కొట్టాలో కాదు, పారిపోవచ్చని. అటు వెళితే కత్తి దొరుకుతుంది, చావుబతుకుల్లో ఉన్న ఒక యోధుడు తాగితే హెల్త్ తిరిగొచ్చే ఎస్టస్ ఫ్లాస్క్ ఇస్తాడు, తిరిగి తిరిగి అదే దెయ్యం నెత్తిమీద ఉన్న అంచు దగ్గరికి చేరతారు. పైనుంచి దూకి పొడవమని నేల మీద ఒక మెసేజ్ రాసి ఉంటుంది. దూకితే బార్‌లో పెద్ద ముక్క ఒక్కసారి ఎగిరిపోతుంది. ఇక్కడితో వదిలెయ్యలేదు వాళ్ళు. తర్వాత వచ్చే టారస్ డీమన్‌ని కోటగోడ మీద పెట్టి, పక్కనే నిచ్చెన ఉన్న బురుజు కట్టారు. అక్కడ మెసేజ్ అవసరం లేదు, మొదటి బాస్ దగ్గర బుద్ధి వచ్చినవాడు తనంతట తనే నిచ్చెనెక్కి దూకుతాడు. ఇంకో తమాషా ఏంటంటే, గేమ్ మొదట్లో బ్లాక్ ఫైర్‌బాంబులు బహుమతిగా ఎంచుకున్నవాడు పారిపోకుండా మొదటిసారే దాన్ని చంపొచ్చు, చంపితే దాని సుత్తి వీడికొస్తుంది. మొండివాడికి కూడా దారి ఉంచారన్నమాట.

ఇప్పుడు దెబ్బ లోపల ఏముంటుందో చూద్దాం, నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త సాగదీస్తాను.

ప్రతి దెబ్బకీ మూడు ముక్కలు. చెయ్యి ఎత్తడం, దెబ్బ తగిలే క్షణం, తర్వాత సర్దుకోవడం. ఎత్తడం మీకు హెచ్చరిక, సర్దుకోవడం మీరు తిరిగి కొట్టుకునే అవకాశం. మనిషి కంటికి ఏదైనా కనిపించి వేలు కదలడానికి సుమారు పావు సెకను పడుతుంది. గేమ్ సెకనుకి 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, నడుస్తుంటే పావు సెకనంటే 15 ఫ్రేములు. ఎత్తడం అంతకన్నా తక్కువలో అయిపోతే, చూసి తప్పుకోవడం మానవమాత్రుడి వల్ల కాదు, ముందే ఊహించి తప్పుకోవాలి. కాబట్టి డిజైనర్లు ఎత్తడానికి ఎక్కువ టైమ్ ఇస్తారు. ఎంత ఎక్కువ ఇస్తే అంత సులువు అనుకుంటాం కదా? అనుకుంటాం. అదే ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళ ఎల్డెన్ రింగ్‌లో స్టార్మ్‌వీల్ కోట ముందు నిలబడే మార్గిట్ అనే బాస్ ఆ నమ్మకం మీదే కొడతాడు.

మీ ఊళ్ళో దసరాకి చెడీ తాలింఖానా చూస్తూ పెరిగారు కదా మీరంతా. కర్ర తిప్పడంలో చెయ్యి తిరిగినవాడు కర్ర ఎత్తి గాల్లో ఒక్క క్షణం ఆపుతాడు. కొత్త కుర్రాడు కర్ర లేవగానే పక్కకి లాగేస్తాడు, లాగినవాడు మళ్ళీ కాళ్ళు సర్దుకునేలోపు కర్ర దిగుతుంది. అలవాటున్నవాడు కర్ర వైపు చూడడు, భుజం వైపు చూస్తాడు, భుజం కదిలినప్పుడే తనూ కదులుతాడు. మార్గిట్ చేతిలో ఉన్నదీ కర్రేనండి. ఎత్తి ఆపుతాడు, ఇంకా ఆపుతాడు, మీరు టెన్షన్‌తో రోల్ బటన్ నొక్కేస్తారు. రోల్‌లో దెబ్బ తగలని సమయం అర సెకను కూడా ఉండదు, అది అయిపోయి మీరు లేచి నిలబడే సమయానికి కర్ర నెత్తిన పడుతుంది. పైగా కంగారులో ఫ్లాస్క్ తాగబోతే వెలుగు కత్తి విసురుతాడు. ఆ గేమ్ వచ్చిన 2022లో ఎంతమంది తిట్టుకున్నారో లెక్కలేదు. నేను మాత్రం ఈ విషయంలో బాస్ పక్షమే. ఎత్తిన కర్ర చూసి కాకుండా దిగడం మొదలైన కర్ర చూసి నొక్కాలి అని వాడు నేర్పేది నిజమైన విద్య, ఆ విద్య చివరి బాస్ దాకా పనికొస్తుంది. దానికితోడు వాడి దగ్గరికి ఇప్పుడే వెళ్ళి తీరాలని ఎవరూ అనలేదు. దారి చూపించే బంగారు వెలుగు తిన్నగా అటే లాగుతుంది కానీ, దక్షిణాన వీపింగ్ పెనిన్సులా ఉంది, అక్కడ తిరిగి బలం పెంచుకుని రావచ్చు. కోట పక్కనుంచి కొండ అంచు పట్టుకుని అసలు ఈ గొడవే లేకుండా ముందుకి పోవచ్చు. ఒక గుహలో ప్యాచెస్ అనే మోసగాడు అమ్మే సంకెల కొనుక్కుంటే మార్గిట్‌ని కాసేపు నేలకి కట్టిపడెయ్యొచ్చు.

ఇందాకటి చేతుల లెక్క ఇప్పుడు కావాలి. మీలో ఎక్కువమంది ఆడేది ఫోన్లో. రేపు మీరు గేమ్ చేస్తే అది ఆడేదీ ఫోన్లోనే, అదీ మీ తమ్ముడి చేతిలో ఉన్న మామూలు ఫోన్లో. సెకనుకి 30 ఫ్రేములే నడిస్తే ఒక్కో ఫ్రేమ్ 33 మిల్లీసెకన్లు. వేలు తగలడానికీ, అది తెర మీద కనిపించడానికీ మధ్య ఇంకొన్ని పదుల మిల్లీసెకన్లు పోతాయి. ఫోన్ వేడెక్కితే ఫ్రేములు ఇంకా పడిపోతాయి, మన ఎండాకాలంలో అది ఎంత తొందరగా జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. బొటనవేళ్ళు రెండూ తెర కింది మూలల్ని కప్పేస్తాయి. వీటన్నిటి మధ్య పీసీ గేమ్ చూసి 15 ఫ్రేముల దెబ్బ పెట్టారనుకోండి, ప్లేయర్ సరిగ్గా నొక్కినా చస్తాడు. వాడు నొక్కింది వాడికి గుర్తుంటుంది, అందుకే వాడి కోపం న్యాయమైన కోపం. ఫోన్లో హెచ్చరిక పెద్దదిగా, పొడుగ్గా ఉండాలి, బాస్ పాదాల దగ్గర కాకుండా తెర పైసగంలో కనిపించాలి, దాంతోపాటు ఒక శబ్దం కూడా ఉండాలి, ఇయర్‌ఫోన్స్ లేనివాడి కోసం వైబ్రేషన్ కూడా పెడితే ఇంకా మంచిది.

గది గురించి పెద్దగా చెప్పను. చిన్న గదిలో పెద్ద బాస్‌ని పెడితే మీరు పోరాడేది కెమెరాతో. డార్క్ సోల్స్‌లోనే కాప్రా డీమన్ ఉంది, ఇరుకు గది, లోపలికి వెళ్ళగానే రెండు కుక్కలు మీద పడతాయి, అసలు దెయ్యం మొహం చూసేలోపే పని అయిపోతుంది. 2000లో వచ్చిన డయాబ్లో 2 లో డ్యూరియల్ కూడా అంతే, చిన్న గది, పైగా వాడి చలికి మన నడక మందగిస్తుంది. దానికి పూర్తిగా వ్యతిరేకం ఎల్డెన్ రింగ్ చివరి బాస్ ఎల్డెన్ బీస్ట్, అంత పెద్ద మైదానంలో అది ఈదుకుంటూ పారిపోతుంటే మనం వెనకాల పరిగెత్తడమే సరిపోయేది. రెండేళ్ళ తర్వాత, 2024లో, అక్కడ గుర్రాన్ని పిలుచుకోనిచ్చారు. అప్పటికి చాలామంది పరిగెత్తేశారు, పాపం.

చావు ఖరీదు గురించి మాత్రం కాస్త వినండి, ఎందుకంటే దీన్ని ఎవరూ కష్టం కింద లెక్కెయ్యరు. బాస్ దగ్గర చచ్చాక మళ్ళీ బాస్ ముందు నిలబడడానికి ఎంతసేపు పడుతుంది? పాత సోల్స్ గేముల్లో మంట దగ్గర లేచి, మెట్లెక్కి, మధ్యలో ఉన్న చిల్లర శత్రువులందర్నీ తప్పించుకుని పోవాలి. ఫైట్ ముప్ఫై సెకన్లలో అయిపోతుంది, పరుగేమో రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో ఇందాకటి దెబ్బ ఎలా పడిందో బుర్రలోంచి పోతుంది. బ్లడ్‌బోర్న్‌లో, అదీ ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళదే, 2015లో వచ్చింది, ఇంకో బాధ ఉంది: ఆరోగ్యం ఇచ్చే బ్లడ్ వయల్స్ వాడితే అయిపోతాయి, ఎస్టస్‌లాగా తిరిగి నిండవు. అంటే ఏ ప్లేయర్‌కి ఎక్కువ ప్రయత్నాలు కావాలో వాడే ముందు ఖాళీ అవుతాడు, ఖాళీ అయ్యాక ఊరంతా తిరిగి ఏరుకోవాలి. ఆ గేమ్ అంటే నాకు ప్రాణం, ఈ ఒక్క విషయంలో మాత్రం దాన్ని వెనకేసుకురాను. ఎల్డెన్ రింగ్ నాటికి వాళ్ళే చాలా బాస్‌ల గుమ్మం దగ్గర మారికా స్టేక్ అని పెట్టారు, చస్తే అక్కడే లేవొచ్చు. అంత కఠినమైన బాస్‌లని జనం అన్ని గంటలు భరించారంటే అందులో ఆ చిన్న రాయికి పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

వాళ్ళదే ఇంకో గేమ్ సెకిరో 2019లో వచ్చింది. అందులో హెల్త్‌తో పాటు పోశ్చర్ అని ఇంకో బార్ ఉంటుంది. శత్రువు కత్తికి మీ కత్తి సరైన క్షణంలో అడ్డుపెడితే వాడి పోశ్చర్ దెబ్బతింటుంది, పూర్తిగా చెదిరితే హెల్త్ ఎంత మిగిలున్నా ఒక్క పోటుతో ఒక ప్రాణం తీసెయ్యొచ్చు. దూరంగా పారిపోతే వాడి పోశ్చర్ తిరిగి కుదురుకుంటుంది. వాడి హెల్త్ నిండుగా ఉంటే త్వరగా, తగ్గితే మెల్లగా. ఈ ఒక్క లెక్కతో భయపడి దూరంగా తిరిగే ప్లేయర్ని ఒక్క మాట చెప్పకుండా ముందుకి నెట్టారు. గెనిచిరో అనే బాస్ దగ్గరికి వచ్చేసరికి ఆ గేమ్ మిమ్మల్ని పట్టుకుని అడుగుతుంది, ఇప్పటిదాకా నేర్చుకున్నావా, లేక ఎలాగోలా గట్టెక్కుతూ వచ్చావా అని. అందులో లెవెల్ పెంచుకుని బాస్‌ని తొక్కెయ్యడం కుదరదు, ఇంకొకర్ని సాయానికి పిలవడం కూడా లేదు. అందుకే అది నాకు నచ్చినంతగా అందరికీ నచ్చదు, నచ్చాలని కూడా అనను.

మలేనియా గురించి అడుగుతారని తెలుసు, ముందే చెప్పేస్తా. ఎల్డెన్ రింగ్‌లో ఆవిడ తప్పనిసరి బాస్ కాదు, దాచిన చోట ఉంటుంది. మిమ్మల్ని కొట్టిన ప్రతిసారీ ఆవిడ హెల్త్ పెరుగుతుంది, డాలు అడ్డుపెట్టినా పెరుగుతుంది. దాంతో నాకు పేచీ లేదు, పొరపాటుకి ఖరీదు కళ్ళముందే కనిపిస్తుంది. పేచీ అంతా వాటర్‌ఫౌల్ డాన్స్‌తో. గాల్లోకి లేచి వరసగా కత్తి వానలా కురిపిస్తుంది. దగ్గరున్నవాడు దాన్ని ఎలా తప్పుకోవాలో చూసి నేర్చుకోవడం దాదాపు అసాధ్యం, ఎవరో ఒకరు నెమ్మదిగా విడగొట్టి వీడియో పెడితే చూసి నేర్చుకోవాలి. నా పరీక్షలో అది ఫెయిల్. కొందరికి అదే అందం, తలకి కుండ పెట్టుకుని వేరేవాళ్ళ గేముల్లోకి వెళ్ళి ఆవిడని ఒంటరిగా ఓడించి పెట్టే ఆటగాడు పేరు తెచ్చుకున్నదీ ఆవిడ వల్లే. ఒప్పుకుంటా. అయినా ఫెయిలే.

నేను ఊరికే అనట్లేదని ఒక సంగతి చెప్తాను. ఎల్డెన్ రింగ్ విస్తరణ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ 2024 జూన్ 21న వచ్చింది. చివరి బాస్ రెండో సగంలో కాంతి మెరుపులతో తెర నిండిపోయి చెయ్యి ఎక్కడుందో, కత్తి ఎక్కడుందో కనపడదు. సెప్టెంబరులో దాన్ని సరిచేశారు. కొన్ని దెబ్బల బలం తగ్గించారు, నిజమే, కానీ ఆ జాబితాలోనే కొన్ని దాడులు కంటికి ఇంకా బాగా కనిపించేలా మార్చామని కూడా రాశారు. ఈ రంగంలో ఇంత పేరున్నవాళ్ళు కూడా చివరికి చూపు దగ్గరికే వచ్చారు.

ఇక ఈజీ మోడ్, అంటే కష్టం తగ్గించే సెట్టింగ్, గొడవ. ఉండాలా వద్దా అని ప్రపంచమంతా కొట్టుకుంటారు. ఎల్డెన్ రింగ్‌లో ఈజీ మోడ్ లేదనేవాళ్ళు స్పిరిట్ యాషెస్‌తో తోడేళ్ళని సాయానికి పిలుచుకోవడాన్ని ఏమంటారో నాకు అర్థం కాదు. ఉంది, మెనూలో కాకుండా లోకంలో పెట్టారు. హేడీస్ అనే గేమ్ వాళ్ళు 2020లో ఇంకో దారి పట్టారు. గాడ్ మోడ్ పెట్టుకుంటే మొదట మనకి తగిలే డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, 80 దాకా. దీంట్లో నాకు నచ్చేదేంటంటే బాస్ ఎత్తులు ఒక్కటీ మారవు. ఇందాక చెప్పాను చూడండి, రెండు దెబ్బలకే పోయేవాడికి నేర్చుకునే టైమ్ ఉండదని, వీళ్ళు సరిగ్గా ఆ టైమే అమర్చి ఇచ్చారు.

సరే, ప్రశ్నలు అడగండి.

గెన్‌షిన్ లాంటి గేముల్లో బాస్ కష్టమా, లేక మన క్యారెక్టర్ల కొరతా?

రెండూ కలిసి ఉంటాయమ్మా. గెన్‌షిన్‌లో స్పైరల్ అబిస్ అనే సవాలు చూడు, చావడం కన్నా గడియారం ముఖ్యం, ఇంత టైమ్‌లో ఇంత హెల్త్ కరిగించాలి. ఆ లెక్క నీ వేళ్ళతో కొంత, నీ క్యారెక్టర్ల బలంతో కొంత తీరుతుంది, ఆ బలంలో ఒక భాగం డబ్బుతో వస్తుంది. కష్టాన్ని అమ్మే చోట, ఓడిపోయినవాడికి "నేర్చుకో" అని వినపడాలా "కొనుక్కో" అని వినపడాలా అనేది డిజైనర్ ఒక్కడి చేతిలో ఉండదు. నీ ఉద్యోగంలో ఆ మీటింగ్‌కి నువ్వు కూడా వెళతావు, అప్పుడు నోరు విప్పు.

బ్లాక్ మిత్ వుకాంగ్‌లాగా మన పురాణాల్లోంచి బాస్‌లు తీస్తే బాగుంటుంది కదండీ?

ఆయ్, బాగుంటుంది, కానీ పది తలలూ మీసాలూ పెట్టి ఊరుకుంటే లాభం లేదు. వాళ్ళు చైనా కథలోంచి రూపాలు తెచ్చుకున్నారు సరే, 2024 ఆగస్టులో వచ్చి మూడు రోజుల్లో కోటి కాపీలు అమ్ముడయ్యాయి, కానీ ఆడుతున్నప్పుడు నిలబెట్టింది కొట్లాట. మన కథల్లో కొట్లాట నియమం కూడా ఉంటుంది, మనం దాన్ని వదిలేసి బొమ్మ ఒక్కటే తీసుకుంటాం. రక్తబీజుణ్ణి తీసుకో. ఒక్క చుక్క నేల మీద పడితే ఇంకో రక్తబీజుడు లేస్తాడు. అంటే కొట్టడమే ప్రమాదం, కాళి నాలుక చాచి ఉన్న చోటికి వాణ్ణి లాక్కొచ్చి అక్కడ మాత్రమే కొట్టాలి. ఆశపడి ఎక్కడపడితే అక్కడ కొట్టినవాడి చుట్టూ గుంపు తయారవుతుంది, వాడికి ఎందుకు చచ్చాడో చెప్పక్కర్లేదు. జరాసంధుడు ఇంకా మంచి ఉదాహరణ. రెండుగా చీల్చినా అతుక్కుంటాడు. భీముడు అలిసిపోతుంటే కృష్ణుడు పక్కనుంచి గడ్డిపరక చీల్చి, ముక్కలు తారుమారు చేసి పడేస్తాడు. నోటితో ఒక్క మాట అనడు. ఎన్‌పీసీ, అంటే గేమే నడిపించే పాత్ర, హింట్ ఎలా ఇవ్వాలో అంతకన్నా బాగా చూపించిన సన్నివేశం నాకు తెలియదు. మీ గేమ్‌లో అయితే అక్కడ పాపప్ వస్తుంది, "శరీరాన్ని వ్యతిరేక దిశల్లో విసరండి" అని.

మేం నలుగురం, ఆర్టిస్ట్ లేడు. మొదటి బాస్ ఎలా మొదలుపెట్టాలి?

ఆర్టిస్ట్ లేకపోవడం ప్రస్తుతానికి మంచిదే. బూడిదరంగు డబ్బా ఒకటి, దానికి చెయ్యిలాగా ఇంకో డబ్బా. మూడే దెబ్బలు పెట్టండి. ఒకటి వేగంగా వచ్చి తక్కువ తగిలేది, ఒకటి మెల్లగా వచ్చి గట్టిగా తగిలేది, ఒకటి దూరం పోయినవాణ్ణి పట్టేది. మూడింటికీ చెయ్యి ఎత్తే తీరు వేరుగా ఉండాలి, సగం కళ్ళు మూసుకుని చూసినా తేడా తెలియాలి. తర్వాత గేములు తక్కువ ఆడే మనిషికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. మాట్లాడొద్దు. మనవాళ్ళకి ఇదే కష్టం, "అరే ఇప్పుడు పక్కకి పో" అని అనేస్తారు, అన్నారంటే ఆ టెస్ట్ దండగ. వాడు చచ్చినప్పుడల్లా ఎందుకు అని ఒక్క ముక్క అడిగి రాసుకోండి. వరసగా "ఏమో" అంటున్న దెబ్బని పీకి మళ్ళీ చెయ్యండి. డబ్బాలతో ఆడిన ఫైట్ బాగుంటే అప్పుడు ఆర్టిస్ట్‌ని వెతుక్కోండి, దానికి కొమ్ములూ కోరలూ ఆయన పెడతాడు.

టీ వచ్చిందంటున్నారు. లాప్‌టాప్‌లో ఏదైనా చేసి తెచ్చినవాళ్ళుంటే ముందు బెంచీలోకి రండి, ఆడి చూద్దాం. మీరు మాత్రం మాట్లాడకూడదు.